క్యాకినేట్ చేయరాదు

లంక గ్రామాల గట్ల పరిరక్షణ సంస్థలో మా సూపరింటెండెంటు వరాహమూర్తి గారు క్యాకినేట్ చేశారని అభియోగం వచ్చినప్పుడు, చేసే ఉంటారని కొందరం నమ్మాం, అంతటి పని చేసే మనిషి కాదని కొందరం నమ్మాం. క్యాకినేట్ అంటే ఏమిటో మాత్రం రెండు పక్షాల్లోనూ ఎవరికీ తెలియదు.

మా సంస్థ పని గోదావరికి వరదొస్తే గట్లు తెగకుండా చూడటం. గట్లు మమ్మల్ని నమ్ముకోవడం ఎప్పుడో మానేసి సొంత బలం మీదే నిలబడుతున్నాయి. అందుచేత ఆఫీసులో మాకు ఉత్తరప్రత్యుత్తరాలు తప్ప వేరే ఒత్తిడి లేదు.

అప్పట్లో మా డైరెక్టరు నళినాక్ష్ గారు. మాటలంటే పడని మనిషి. గదిలో కూర్చుని ఇటుకరాయంత లావు ఇంగ్లీషు నవలలు చదువుకునేవారు. ఫైలు ముందు పెడితే, పేజీ తిప్పే సందులో సంతకం గీకేవారు. ఒకనాటి మధ్యాహ్నం ఆయన గదిలో బెల్లు అదేపనిగా మోగింది. పరిపాలనాధికారి భాస్కరరాజు గారు పరుగున వెళ్ళారు. డైరెక్టరు గారు పుస్తకంలోంచి తలెత్తకుండానే, ఈ ఆవరణలో ఎవరూ క్యాకినేట్ చేయడానికి వీల్లేదు, నోటీసు పెట్టండి అన్నారు.

"ఎస్సార్" అన్నారు భాస్కరరాజు గారు.

ఆయన పైకొచ్చిందే ఆ మాటతో. అర్థమైతే మామూలుగా ఎస్సార్ అంటారు. అర్థం కాకపోతే ఇంకాస్త గట్టిగా అంటారు. ఆ రోజు వరండా చివరిదాకా వినబడింది.

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికిని, సందర్శకులకును తెలియజేయునదేమనగా, ఈ కార్యాలయ ఆవరణలో క్యాకినేట్ చేయుట పూర్తిగా నిషేధించడమైనది. అతిక్రమించిన వారిపై శాఖాపరమైన కఠిన చర్య తీసుకొనబడును."

మరుసటి వారమే డైరెక్టరు గారిని ఢిల్లీకి బదిలీ చేశారు. కొత్తవారు వచ్చేదాకా మా డివిజను పెత్తనం భాస్కరరాజు గారిదే. నవలలు ఆయన వెంట వెళ్ళిపోయాయి. నోటీసు మాకు మిగిలింది.

బోర్డు ముందు జనం మూగి చదివారు. మా హెడ్ టైపిస్టు సీతారత్నం గారు, "ఇదేదో కొత్త రోగంలా ఉందండోయ్" అంటూ విరగబడి నవ్వారు. ఆవిడ నవ్వితే కాలవ అవతల కొంగలు లేస్తాయి. ఆ రోజూ లేచాయి. చదివినవాళ్ళంతా తెలిసినట్టే తలాడించి ఎవరి కుర్చీలోకి వాళ్ళు పోయారు. తెలియదని ఒప్పుకున్నవాడు రేపు అదే తప్పు మీద పట్టుబడితే అమాయకుడనరు, తెలివితక్కువవాడంటారు.

నా బల్ల వరాహమూర్తి గారి బల్ల పక్కనే. ఉండబట్టలేక ఆయన్ని అడిగాను.

"ఏవండీ, క్యాకినేట్ అంటే ఏంటండీ?"

"ఉత్తర్వన్నాక ఏదో ఒకటి ఉంటుందండి సూరిబాబు గారూ. మనం చేయకుండా ఉంటే సరి."

"ఏది చేయకుండానండీ?"

"అదే" అన్నారాయన, ఫైలు తాడు బిగిస్తూ.

నేను ఊరి గ్రంథాలయానికి వెళ్ళి డిక్షనరీ తీశాను. 'కె' అక్షరం కింద కంగారూ దగ్గర మొదలుపెట్టి కడదాకా వెతికాను. దొరకలేదు. ఆ మాట మొదలయ్యేది 'సి'తో అనీ, మధ్యలో పలకని 'హెచ్' ఒకటి దాక్కుని ఉంటుందనీ నాకెలా తెలుస్తుంది? ఫోనులో తెలుగులో కొట్టి చూస్తే, "మీరు వెతుకుతున్నది కాకినాడ కాబోలు" అని కాకినాడ వెళ్ళే బస్సుల వేళలు చూపించింది. ఈ సంగతి ఎలా పాకిందో గాని, మర్నాడు ఒకాయన కాకినాడలో మేనకోడలి పెళ్ళికి సెలవు చీటీ పెడితే, భాస్కరరాజు గారు దాని మీద "అంశము సున్నితమైనది. జాగ్రత్తగా పరిశీలించవలెను" అని రాశారు. పెళ్ళయిపోయాక సెలవు మంజూరైంది.

చిత్రం ఏమిటంటే, నోటీసు పనిచేసింది. ఎవరికి వారు అది తమ గురించేనని అనుకున్నారు. కిళ్ళీ ఉమ్మితో గోడలకు రంగులేసే గుమాస్తా కిళ్ళీ మానేశాడు. భోజనం చేసి మ్యాపుల వెనక కునుకు తీసే ఇంజనీరు గారు మేలుకుని కూర్చుని, ఏం చేయాలో తోచక, గట్లు చూడ్డానికి వెళ్ళారు. సీతారత్నం గారు టిఫిను వేళ ఆఫీసులో చీరలమ్మేవారు, ఆ మూట ఇంటికి పట్టుకుపోయారు. వాచ్‌మన్ ఏసుపాదం గేటు దగ్గర సందర్శకుల చేతులకేసి చూడటం మానేసి మొహాలకేసి చూడటం మొదలుపెట్టాడు. పదిహేను రోజులయ్యేసరికి మా ఆఫీసు ఎవరైనా చూస్తే ఆఫీసే అనుకునేలా తయారైంది.

భాస్కరరాజు గారు ఊరుకుంటారా? "క్యాకినేషన్ నిర్మూలనలో ఈ డివిజను సాధించిన ప్రగతి" అని ముఖ్య కార్యాలయానికి నివేదిక పంపారు. ముఖ్య కార్యాలయం వారు చాలా సంతోషించారు. అర్థం ఏమిటని వాళ్ళూ అడగలేదు. రాష్ట్రంలోని మా డివిజన్లన్నిటికీ ఆ ఉత్తర్వును విస్తరించారు. నెలనెలా ఎందరు క్యాకినేట్ చేశారో తెలుపుతూ నివేదిక పంపాలన్నారు. అన్ని డివిజన్లూ "ఎవరూ లేరు" అని పంపాయి. రెండు నెలలు చూశారు. మూడో నెల ఘాటుగా ఉత్తరం వచ్చింది.

"అన్ని డివిజన్లలోనూ క్యాకినేషన్ కేసులు శూన్యమని నివేదించుట నమ్మశక్యముగా లేదు. సిబ్బంది చేయకపోవుట వల్ల గాక, అధికారులు కనిపెట్టకపోవుట వల్ల ఇట్లు జరుగుచున్నదని భావించవలసి వచ్చుచున్నది. నెలాఖరులోగా డివిజనుకు కనీసము ఒక్క కేసు చొప్పున పట్టుకొని, విచారణ జరిపి, శిక్షించి, ఆ వివరములు పంపవలెను."

భాస్కరరాజు గారు ఆ ఉత్తరం పట్టుకుని హాల్లోకి వచ్చి మా అందరి మొహాలకేసీ ఒక్కొక్కటిగా చూశారు. కిళ్ళీ గుమాస్తా మీద పెడదామంటే యూనియను నాయకుడు. ఇంజనీరు గారికి ఎమ్మెల్యే చుట్టం. సీతారత్నం గారి మీద పెడితే ఆవిడ నోటికి తట్టుకోవాలి. ఎదురుచెప్పనివాడు, వెనకాల ఎవరూ లేనివాడు, తనంతట తానే శిక్షకు తల వంచేవాడు కావాలి. ఆ చూపు చివరికి వరాహమూర్తి గారి మీద ఆగింది.

వరాహమూర్తి గారి గురించి కొంచెం చెప్పాలి. ఆయన కుర్రతనంలో ఉద్యోగంలో చేరిన రోజున మొట్టమొదటి ఆఫీసరు ఒక ముక్క చెప్పారట: పనికోసం వచ్చిన పార్టీతో నువ్వు నవ్వుతూ కనబడ్డావంటే ఏదో పుచ్చుకున్నావని లోకం అనుకుంటుంది. ఈయన దాన్ని మనసులో పెట్టుకున్నారు. మొదట పార్టీల ముందు నవ్వడం మానేశారు. తర్వాత, ఎవరు ఎప్పుడొస్తారో తెలియదు గనక ఆఫీసులోనే మానేశారు. దారిలో ఎదురుపడొచ్చు గనక దారిలోనూ మానేశారు. అలవాటు తప్పకూడదని ఇంట్లో కూడా మానేశారు. పైసా ముట్టలేదు, పన్ను బయటపెట్టలేదు. అసిస్టెంటు మేనేజరుగా ప్రమోషను కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసి, ఇంకో రెండు నెలల్లో అది చేతికందే దశకు వచ్చారు. రిటైరయ్యేలోగా అదొక్కటే అవకాశం.

సరిగ్గా అప్పుడు ఆయనకు మెమో ఇచ్చారు. అందులో ఇలా ఉంది:

"మీరు ఈ నెల రెండవ మంగళవారము నాడు, కార్యాలయ వేళలలో, మీ స్థానమునందే ఆసీనులై ఉండి, పూర్తి స్పృహతో క్యాకినేట్ చేసినట్లు విశ్వసనీయముగా తెలియవచ్చినది. మీ అత్తవారి ఊరు కాకినాడ అయి ఉండుట ఈ సందర్భమున గమనార్హము. మీపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను."

ఆయన దాన్ని చదివి, మడిచి, మళ్ళీ విప్పి చదివారు.

"సూరిబాబు గారూ, ఆ మంగళవారం నేను చేశానంటారా?"

"నాకెలా తెలుస్తుందండీ? మీరే చెప్పాలి."

"ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదండి. ఆ రోజు కాస్త జలుబుగా ఉంది. తెలియకుండా జరిగిపోయిందేమో."

సీతారత్నం గారు ఇది విని కుర్చీ జరుపుకుంటూ వచ్చారు. "చెయ్యలేదని రాసి పారేయండీ బాబూ! మీకేం భయం?"

"అదేంటో తెలియకుండా చెయ్యలేదని ఎలా రాస్తానమ్మా? అబద్ధమైపోదూ?" అన్నారాయన. "నా సర్వీసులో ఒక్క అబద్ధం రాయలేదు. ఇప్పుడు ప్రమోషను కోసం రాయమంటావా?"

ఆ రాత్రంతా కూర్చుని ఆయన సమాధానం రాసుకొచ్చారు. "నేను ఉద్దేశపూర్వకముగా ఏనాడూ క్యాకినేట్ చేసి ఎరుగను. ఒకవేళ జరిగియున్నచో, అది అనారోగ్యము వల్ల జరిగినదే గాని దురుద్దేశముతో కాదు" అని. భాస్కరరాజు గారు దాని పక్కన "నేరము అంగీకరించినట్లే" అని రాసుకున్నారు.

విచారణకు ముఖ్య కార్యాలయం నుంచి ఉమాకాంతం గారనే పెద్దమనిషి వచ్చారు. విచారణల్లో తలపండిన మనిషి. మా మీటింగు హాల్లో బల్ల వేసి, దాని మీద ఆకుపచ్చ గుడ్డ పరిచారు. సీతారత్నం గారు కంప్యూటరు ముందు కూర్చుని వాంగ్మూలాలు టైపు చేస్తున్నారు. కాగితాలు అందించడానికి నేను. వరాహమూర్తి గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుండీ మెడదాకా పెట్టుకుని నిలబడ్డారు.

"మీరు క్యాకినేట్ చేశారా?" అన్నారు ఉమాకాంతం గారు.

"చేసి ఉండవచ్చునండి."

"ఒంటరిగానా, ఇతరులతో కలిసా?"

"చేసి ఉంటే ఒంటరిగానేనండి. ఇంకెవరినీ ఇందులోకి లాగనండి."

"ఇది మొదటిసారేనా?"

ఆయన కళ్ళు మూసుకుని ఆలోచించారు. "పట్టుబడ్డం మొదటిసారండి."

సీతారత్నం గారు తలెత్తి ఆయనకేసి ఒకసారి చూసి మళ్ళీ టైపు చేశారు.

తర్వాత సాక్షి. ఏసుపాదాన్ని లోపలికి పిలిచారు. భాస్కరరాజు గారు ముందే ఏదో నేర్పి ఉంచినట్టున్నారు, వాడు రావడంతోనే అందుకున్నాడు.

"చూశానండి. ఈ రెండు కళ్ళతోనే చూశానండి."

"ఏ విధంగా చేశారు?"

"మామూలుగానేనండి. అందరూ చేసుకున్నట్టే."

"అందరూ చేస్తారా?"

ఏసుపాదం భాస్కరరాజు గారికేసి చూశాడు. "ఇక్కడ కాదండి. ఇళ్ళకాడ."

"పక్కనున్నవాళ్ళకు ఇబ్బంది ఏమైనా కలిగిందా?"

"కొంచెం వాసనొచ్చిందండి, ఆయ్."

వరాహమూర్తి గారి మొహం పాలిపోయింది. ఆయన నా వైపు వంగి, "వచ్చిందాండీ?" అన్నారు గుసగుసగా. పక్క బల్లవాణ్ణి నేనే గనక నన్నే అడిగారు. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు చూడలేక నేను చేతిలో కాగితాలు సర్దుకున్నాను.

ఉమాకాంతం గారు గొంతు సవరించుకున్నారు. "సాక్ష్యం సమగ్రంగా, పరస్పర అనుకూలంగా ఉన్నది. నేరం స్వభావం దృష్ట్యా ప్రమోషను శాశ్వతంగా నిలుపుదల చేయుటకు సిఫారసు చేయుచున్నాను. టైపు చెయ్యమ్మా."

టైపు చప్పుడు వినబడలేదు. సీతారత్నం గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"చేస్తానండి. నాదొక చిన్న సందేహం తీర్చండి. క్యాకినేట్ అంటే ఏంటండీ?"

ఉమాకాంతం గారు భాస్కరరాజు గారికేసి చూశారు. భాస్కరరాజు గారు ఫ్యానుకేసి చూశారు.

"ఆ ప్రశ్న ఈ విచారణ పరిధిలోకి రాదు" అన్నారు ఉమాకాంతం గారు.

"రాకపోతే రప్పించండి. ఆయన ముప్ఫయ్యేళ్ళ సర్వీసు మీ పరిధిలోకి వచ్చిందిగా! ఏం చేశాడో చెప్పకుండా మనిషిని శిక్షిస్తానంటే నేను టైపు చెయ్యను. నామీదా ఓ మెమో పడేయండి."

"నాకు తెలియక కాదమ్మా. అధికారికమైన నిర్వచనం కావాలంటే ఉత్తర్వు జారీ చేసినవారే ఇవ్వాలి."

"ఆ ముక్కన్నారు, బావుంది" అని ఆవిడ తన ఫోను తీసి ఢిల్లీలో నళినాక్ష్ గారికి చేసి, గొంతు అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టారు.

నళినాక్ష్ గారికి మా ఆఫీసే వెంటనే గుర్తు రాలేదు. క్యాకినేట్ అనేసరికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. అంత మాట్లాడగలరని మేమెప్పుడూ అనుకోలేదు.

"ఆహా, మంచి మాట అడిగారు! పగలబడి నవ్వడం అని దాని అర్థం. అయితే సామాన్యమైన క్రియాపదం కాదది. పాత నవలల్లో కథానాయకుడు చిరునవ్వు నవ్వుతాడు, నాయిక ముసిముసిగా నవ్వుతుంది. విందు భోజనం చేసి పొట్ట నిమురుకునే లావుపాటి జమీందారున్నాడే, వాడు మాత్రం క్యాకినేట్ చేస్తాడు. నవ్వాడు అంటే సరిపోదు అక్కడ. నవ్వుతో పాటు ఆ నవ్వంటే రచయితకున్న విసుగు కూడా వినబడాలి. కొందరు కాకుల గుంపుకి వాడారు. ఒకాయన గాడిదకీ వాడాడు."

"ఉత్తర్వు ఎందుకిచ్చారండీ మరి?" అన్నారు సీతారత్నం గారు.

"నా కిటికీ అవతల ఎవరో ఒకావిడ నవ్వేవారు. ఆ పూట నేను చదువుతున్న నవలలో నాయిక మరణశయ్య మీద ఉంది. నేను కన్నీళ్ళు పెట్టుకోబోయినప్పుడల్లా బయట ఆ నవ్వు. చాప్టరు అయిపోయేదాకా ఆ నాయిక ప్రశాంతంగా చావలేకపోయింది."

"ఆ నవ్వింది నేనేనండీ. నేను జమీందార్నీ కాను, గాడిదనీ కాను."

"నొచ్చుకోకండి. ఆ పదం పుట్టుక ఎంత అందమైనదో వినండి. పూర్వం లాటిన్ వాళ్ళు నవ్వు చప్పుడులోంచే దాన్ని తయారుచేసుకున్నారు. చెవి పెట్టి వినండి. క్యా, క్యా, క్యా, క్యా..."

ఢిల్లీ నుంచి ఒక పెద్ద అధికారి గంభీరమైన గొంతుతో, వ్యాకరణం పాఠం చెబుతున్నట్టు, ఆకుపచ్చ గుడ్డ మీద నుంచి క్యా క్యా అంటున్నారు. మేమంతా వరాహమూర్తి గారికేసి తిరిగాం.

"అంటే..." అన్నారాయన మెల్లిగా. "నామీద కేసు... నేను నవ్వాననా?"

సీతారత్నం గారు అవునన్నట్టు తలాడించారు.

"నేనా?" అన్నారు మళ్ళీ. "ఏసుపాదం, నేను నవ్వితే నీకు వాసనొచ్చిందిట్రా?"

ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమోనని నేను కుర్చీ లాగాను. మెడ దగ్గర గుండీ తెగి బల్ల కింద పడింది. చాలా ఏళ్ళుగా తియ్యని తలుపు తీసినప్పుడు మొదట కీచుమన్నట్టు ఒక చప్పుడొచ్చింది. ఆ వెనకాల తలుపు పూర్తిగా తెరుచుకుంది. ఆయన కడుపు పట్టుకుని, బల్ల మీద చరిచి, గోడకు జారగిలబడి నవ్వారు. సీతారత్నం గారు అందుకున్నారు. నేనూ, ఏసుపాదమూ ఆగలేకపోయాం. కిటికీల దగ్గర నక్కి వింటున్న కిళ్ళీ గుమాస్తా, ఇంజనీరు గారు కూడా బయటపడిపోయారు. ఫోనులో నళినాక్ష్ గారు, "సరిగ్గా ఇదే, ఇదే ఆ చప్పుడు!" అని ఉదాహరణ దొరికినందుకు మురిసిపోతున్నారు.

భాస్కరరాజు గారొక్కరే ఉమాకాంతం గారి చెవిలో, "సార్, ఇప్పుడు చేశాడు గనక కేసు నిలబడుతుందా?" అని అడిగారు.

ఉమాకాంతం గారు గట్టిగా ఏదో అనబోయారు. ఆయన పళ్ళు కట్టుడు పళ్ళు. నవ్వాపుకోబోతే అవి జారాయి. ఆయన రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వారు.

తేరుకున్నాక ఆయన తన తీర్పు తానే చెప్పి టైపు చేయించారు. "మంగళవారము నాటి అభియోగము నిరూపణ కాలేదు. నేడు విచారణాధికారి సమక్షమున జరిగిన క్యాకినేషన్‌లో విచారణాధికారి కూడా పాల్గొనియున్నందున, దానిపై విచారణ జరుపుటకు అర్హులెవరును లభ్యము కారు."

తర్వాతి నెల ముఖ్య కార్యాలయం నోటీసును ఉపసంహరించుకుంది. సిబ్బందికి అర్థము తెలిసిపోయిన ఉత్తర్వు ఆశించిన ఫలితములివ్వదు అని కారణం చూపించారు. అది నిజమే. అప్పటికే కిళ్ళీ గుమాస్తా గోడలకు కొత్త రంగు మొదలుపెట్టాడు. ఇంజనీరు గారు మ్యాపుల వెనక్కి వెళ్ళారు. గట్లు మళ్ళీ వాటి బలం మీద అవి నిలబడ్డాయి. వరాహమూర్తి గారి ప్రమోషను ఆర్డరు కూడా వచ్చింది, ఒక అక్షరం తప్పు పడి, దిద్దడానికి వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది.

విచారణ జరిగిన సాయంత్రం ఆయన్ని నేనే స్కూటరు మీద ఇంటి దగ్గర దింపాను. ఆయన ఒక్కరే నడిచి వెళ్ళే స్థితిలో లేరు. దారిలో నాలుగైదుసార్లు, "వాసనొచ్చిందిట!" అని వెనకాల ఊగిపోతుంటే, బండి గట్టు మీంచి కాలవలోకి పోతుందేమోనని నేను హ్యాండిలు గట్టిగా పట్టుకున్నాను. ఇంటి ముందు దిగి, గేటు తీస్తూ మళ్ళీ గుర్తొచ్చి, గేటు పట్టుకుని నిలబడి నవ్వారు.

లోపల్నుంచి వాళ్ళావిడ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, కొంగు సర్దుకుంటూ గబగబా వరండాలోకి వచ్చారు.

"ఎవరో చుట్టాలొచ్చినట్టున్నారు, నవ్వు వినబడితేనూ..." అంటూ గేటుకేసి చూశారు. చూసి, అక్కడే ఆగిపోయారు. గ్లాసు చేతిలోనే ఉంది.

"ఎవరూ రాలేదు సుభద్రా" అన్నారు వరాహమూర్తి గారు, కళ్ళు తుడుచుకుంటూ. "నేనే."

ఆవిడ మెట్లు దిగి గేటు దాకా వచ్చారు. ఆ తర్వాత, "లోపలికి రండి" అని, చుట్టానికి ఇచ్చినట్టే రెండు చేతులతో ఆ నీళ్ళు ఆయనకిచ్చారు.